పదకొండో జాడీ

మచిలీపట్నం, ఇనగుదురుపేట
3 జూలై 2025

ఆలియాకు,

నువ్వు హైదరాబాదులో మందుల కంపెనీ ఉద్యోగం మానేసి నలభై రెండు రోజులైందట. గుడివాడ బస్టాండు వెనక మేడ మీద గది తీసుకుని, సీసాలు ముందేసుకుని కూర్చున్నావట. పక్కింటి వెంకాయమ్మ చెప్పింది. ఆమెకి వాళ్ళ చెల్లెలి కోడలు చెప్పిందట. గుడివాడ నుంచి బందరుకి గంటన్నర ప్రయాణం. ఈ కబురు నా దాకా రావడానికి ఇద్దరు ఆడవాళ్ళూ ఆరు వారాలూ పట్టాయి.

ఫోను చెయ్యకు. నా కుడి చెవి పూర్తిగా, ఎడమ చెవి సగం పోయాయని నీకు తెలుసు. ఇంటికీ రావద్దు. వస్తే నేను కేకలేస్తాను, నువ్వు ఏడుస్తావు, సంగతి తేలదు. ఉత్తరం రాయి, తెలుగులో రాయి. మనం ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా, నేను ముప్పై నాలుగేళ్ళు మున్సిపల్ స్కూల్లో లెక్కలు చెప్పింది తెలుగులోనే. ఒత్తులు చూసుకుని పెట్టు.

మూడు ప్రశ్నలు. ఉద్యోగం ఎందుకు మానేశావు? ఆ సీసాల్లో ఏముంది? వేళకి తింటున్నావా?

మీ దాదీ,
రోషన్ బీ


గుడివాడ
8 జూలై 2025

దాదీకి సలాం.

మూడో ప్రశ్నకి ముందు జవాబు రాస్తే మీ కోపం కాస్త తగ్గుతుందని ఆశ. తింటున్నాను. మేడ కిందే టిఫిన్ సెంటరు. పెసరట్టు వాసన నా గదిలోకి వచ్చి సీసాలన్నిటినీ పాడుచేస్తోంది.

మొదటి ప్రశ్న. ఆ కంపెనీలో నా పని దగ్గుమందుకి నారింజ వాసన కలపడం. నాలుగేళ్ళు నారింజే కలిపాను దాదీ. ఇంక నావల్ల కాలేదు.

రెండో ప్రశ్న. సీసాల్లో ఉన్నది సెంటు. ఎవరి కంపెనీ కోసమో కాదు, నేనే చేసి నా పేరుతో అమ్ముకునేది. ఇప్పటికి రెండు రకాలు చేశాను, కొన్నవాళ్ళు మళ్ళీ అడిగారు. మూడోది పొగాకు. సిగరెట్టు కంపు అనుకోకండి. ఆరిన ఆకు వాసన, తియ్యగా, వెచ్చగా. సూటిగా చెప్తాను: నేను చెయ్యాలనుకుంటున్నది దాదా వాసన.

దాదా పోయేటప్పటికి నాకు పన్నెండేళ్ళు. ఆయన ముఖం ఇప్పుడు ఫొటో చూస్తే కానీ గుర్తు రాదు. వాసన మాత్రం పిలవకుండా వస్తుంది. ఒడిలో కూర్చుంటే లాల్చీలోంచి కాగిన నెయ్యి, తాటిబెల్లం, లవంగం, వాటన్నిటి అడుగున పొగాకు. బందరు హల్వా దుకాణంలో ఎవరో పొగాకు ఆకులు ఆరేసినట్టుండేది. బజారులో అమ్మే పొడుం అలా ఉండేది కాదు. అది దాదా తనకోసం చేసుకునే తీపి పొడుం.

కవరులో సన్నటి కాగితపు చీటీ ఉంది, నం. 1. ముక్కుకి ఆనించకుండా వాసన చూసి చెప్పండి. దుకాణం సరుకు పుస్తకం మీరే రాసేవారు కదా, తీపి పొడుం పాళ్ళు అందులో ఉంటాయి. పంపండి. డిసెంబరులో ఈ సెంటు బయట పెడతానని కొనేవాళ్ళకి మాటిచ్చాను. ఇది కుదరకపోతే నాకు మళ్ళీ నారింజే గతి.

మీ
ఆలియా


మచిలీపట్నం
14 జూలై 2025

ఆలియాకు,

చీటీ నం. 1కి వందకి ముప్పై ఎనిమిది.

లవంగం ఎక్కువ. బెల్లం తాటిబెల్లం కాదు, చెరకు బెల్లం. నీ నెయ్యి కాగింది కానీ మాడలేదు. పొడుం చేసేటప్పుడు నెయ్యి ఒక్క క్షణం మాడాలి. ఆ క్షణం దాటితే సరుకంతా పారబోసుకోవాలి. మీ దాదా షేక్ బాజి ఆ క్షణాన్ని కంటితో చూసేవారు కాదు, మూకుడు పక్కన నిలబడి వాసనతో పట్టేవారు. మధ్యాహ్నం నాలుగు గంటలకి పొయ్యి వెలిగించేవారు. నేను స్కూలు నుంచి వచ్చి చీర కూడా మార్చుకోకుండా తూకం దగ్గర కూర్చునేదాన్ని.

బందరు పొడుం ఒకప్పుడు ఓడలెక్కి దొరల సీమకి వెళ్ళిందని మా మామగారు చెప్పేవారు. నేను చూసిన రోజుల్లో పామర్రు దాకా వెళ్ళేది, అదీ సైకిలు మీద.

మామూలు పొడుం పద్ధతి రాస్తున్నాను, కావాలంటే ఉంచుకో. లంక పొగాకు తెచ్చి, ఆకు ఈనె తీసి, ఎండబెట్టి, మూకుడులో దోరగా వేయించాలి. రోట్లో దంచి పలచటి గుడ్డలో జల్లించాలి. సేరు పొడికి సున్నపు తేట ఆరు తులాలు, నెయ్యి ఎనిమిది తులాలు. అరచేత్తో మర్దించి, జాడీలో పెట్టి మూతికి గుడ్డ కట్టాలి. మన దుకాణంలో పన్నెండు జాడీలుండేవి. వాటి అడుగున తెల్లరంగుతో నంబర్లు వేసింది నేనే.

తీపి పొడుం పాళ్ళు పుస్తకంలో లేవు.

"వెచ్చగా" అన్న మాట చక్కగా రాశావు. కవరు మీద "ఇనగుదురుపేట"కి చివర దీర్ఘం అక్కర్లేదు.

దాదీ


గుడివాడ
1 ఆగస్టు 2025

దాదీకి సలాం.

నం. 2, నం. 3 చీటీలు పంపుతున్నాను. నాగాయలంక వైపు నుంచి వచ్చిన తాటిబెల్లం ఇక్కడ బజారులో దొరికింది. నెయ్యిని మీరు చెప్పినట్టే మాడ్చాను. మేడ కింద టిఫిన్ సెంటరాయన పైకొచ్చి, "ఏంటమ్మా, మీ గదిలో మైసూర్‌పాకు మాడుతోందా?" అన్నాడు. మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

మన ఇంట్లో గురువారం పొగ వేసే లోబాన్ సాంబ్రాణి కూడా కొద్దిగా కలిపాను. వెనిల్లాకి ఏమీ తీసిపోలేదు. ఇప్పుడు పైన అంతా బాగానే ఉంది, తియ్యగా, గుండ్రంగా. కానీ అడుగున ఏదో లేదు. దాదా లాల్చీలో ఆ వెచ్చదనం కింద చల్లగా ఒకటి ఉండేది. పుదీనా పువ్వు వేశాను, పళ్ళపొడి వాసన వచ్చింది. నీలగిరి తైలం వేశాను, జలుబు మందయింది. ఏమిటది దాదీ?

ఇంకో మాట. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పొడుం వాసన మీకు పడక దాదాకి ముప్పై ఏళ్ళ పైన వరండాలోనే మంచం వేశారని నాన్న ఒకసారి చెప్పారు. చలికాలంలో కూడానట. పాళ్ళు పుస్తకంలో లేవన్నారు. చారెడు ఉప్పు పక్కింటికి ఇచ్చినా రాసి పెట్టే మీరు, అది రాయలేదంటే నమ్మకం కుదరడం లేదు. పొడుం అమ్ముకునే ఇల్లని చెప్పుకోవడం మీకు మొదటినుంచీ చిన్నతనమా? టీచరు భర్త పొడుం బాజి అంటారనా? అలాగైతే చెప్పండి, మన ఇంటిపేరు ఎక్కడా రాకుండా చూసుకుంటాను.

ఆలియా


మచిలీపట్నం
8 ఆగస్టు 2025

ఆలియాకు,

ఈ రెండు చీటీలకీ మార్కులు వెయ్యను.

వరండా సంగతి నిజమే. ముప్పై రెండేళ్ళ ఏడు నెలలు. మీ నాన్న "పైన" అని ఉజ్జాయింపుగా చెప్పాడు. మిగతాది నీ ఊహ. నా భర్త పని నాకెప్పుడూ చిన్నతనం కాదు. పొడుం బాజి భార్యననే జీతాల పట్టీ మీద సంతకం చేసేదాన్ని.

ఇక చీటీలు పంపకు. కారణం రాస్తున్నాను, నవ్వకు. నీ మొదటి చీటీ వచ్చిన మర్నాడు, నాలుగు గంటలకి, అసర్ నమాజుకి నీళ్ళు పట్టుకుంటుంటే ఇంట్లోకి పొడుం వాసన వచ్చింది. దుకాణం గది మూసి పదిహేనేళ్ళయింది, జాడీలన్నీ కడిగి బోర్లించాను. చీటీలే కారణమనుకుని బిస్కెట్ల డబ్బాలో పెట్టి, మూత మీద మైనం వేసి, పెరట్లో నీళ్ళ తొట్టి మీద ఉంచాను. ఆ రోజు కూడా వచ్చింది, సరిగ్గా నాలుగింటికే. వెంకాయమ్మని పిలిచి వాసన వస్తోందా అని అడిగాను. "మా ఇంట్లో చేపల పులుసండీ" అంది. అంటే ఆమెకి రావడం లేదు.

నిన్న వాసనతో పాటు వరండాలో మంచం కిర్రుమంది. నాకు ఎడమ చెవి సగమే పనిచేస్తుందని మొదటి ఉత్తరంలో రాశాను. వెళ్ళి చూశాను. మంచం మీద ఎవరూ లేరు. నవారు మాత్రం మధ్యలో లోతుగా ఉంది. అది పాత మంచం, లోతు ఎప్పటినుంచో ఉండి ఉంటుంది. ఇదివరకు నేను కొలవలేదు.

నీకు అది ఒడి వాసన. నాకు కాదు. ఇంతకంటే రాయను.

రోషన్ బీ


గుడివాడ
29 ఆగస్టు 2025

దాదీకి సలాం.

మీ ఉత్తరం చదివి మూడు రోజులు సీసాల మూతలు తియ్యలేదు. వరండా సంగతి ఎత్తినందుకు క్షమించండి. డాక్టరుకి ఒకసారి చూపించుకుంటే మంచిదని నాన్నకి చెప్పాను. తిట్టకండి.

కానీ పని ఆపలేకపోతున్నాను. ఒక సంగతి జరిగింది. సెంటు గురించి నేను ఇన్‌స్టాలో రాసింది తనూజ అని ఒకమ్మాయి చూసింది. వాళ్ళది నాగాయలంక దాటాక ఒక ఊరు. వాళ్ళ తాతగారు కొండలరావుగారికి మన తీపి పొడుం తెలుసట. దాదా బతికున్నన్నాళ్ళూ నెలకొక డబ్బీ ఆయనకి పంపేవారట! పేరు వినగానే ఆయన మంచం మీంచి లేచి కూర్చుని, "ఆ పిల్లని రమ్మను" అన్నారట. పాత ఖాతాదారు అయి ఉంటారు. నం. 4 చీటీ పట్టుకుని ఆదివారం వెళ్తున్నాను. ఆ చల్లటిదేమిటో ఆయనైనా చెప్తారేమో.

ఆలియా


మచిలీపట్నం
2 సెప్టెంబరు 2025

ఆలియాకు,

నీ ఉత్తరం ఇవాళ అందింది. ఆదివారం వెళ్తానన్నావు, అది నిన్న కాక మొన్న. వద్దని రాయడానికి వేళ దాటిపోయింది. అందుకని కారణం రాస్తున్నాను. ఇది మీ నాన్నకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

నాకు నాజియా అని ఒక చెల్లెలు ఉండేది. నాకంటే ఐదేళ్ళు చిన్నది. దాన్ని నాగాయలంక అవతల ఒక టైలరుకిచ్చి చేశాం. పెళ్ళయిన పద్నాలుగు నెలలకి, 1977 నవంబరు 15న, మూడు రోజులుంటానని మా ఇంటికి వచ్చింది. శుక్రవారం 18వ తేదీకి మూడు రోజులైంది. "అక్కా, ఇంకొక్క రోజు ఉంటానే" అంది. రేడియోలో తుఫాను అంటున్నారు, ఎటు దాటుతుందో ఎవరికీ తెలియదు. నేను, "మూడు రోజులన్నావు, మూడు రోజులయ్యాయి. మీ ఆయనకి మాటిచ్చి వచ్చావు" అన్నాను. నేనే సంచీ సర్దాను. చేతికి నల్లదారంతో వెండి తాయెత్తు కట్టి, తొమ్మిదింటి బస్సు ఎక్కించాను. అది కిటికీలోంచి మూతి ముడిచి నవ్వింది. మర్నాడు సాయంత్రం ఉప్పెన వచ్చింది.

వాళ్ళ ఊరు ఊరంతా కొట్టుకుపోయిందని సోమవారం కబురు తెలిసింది. మీ దాదా ముందొకసారి అవనిగడ్డ దాకా వెళ్ళి తిరిగొచ్చారు. "పనికి మనుషులున్నారు, కానీ శవాల దగ్గర నిలబడలేకపోతున్నారు. ఘాటు పొడుం పనిచెయ్యడం లేదు. ఆ కుళ్ళు తియ్యగా ఉంది రోషన్, తీపి మీద తీపే నిలుస్తుంది" అన్నారు. ఆ సాయంత్రం నాలుగింటికి పొయ్యి వెలిగించారు. తాటిబెల్లం, లవంగం, ఏలక్కాయ, జాజికాయ వేశారు. అన్నీ నేనే తూచాను. తీపి పొడుం అలా పుట్టింది. అంతకుముందు అది లేదు.

పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను.

"22-11-77. దివిసీమకి తీసుకెళ్ళినవి: తీపి పొడుం డబ్బీలు అరవై. జాడీ ఒకటి, నం. 11, నిండుగా. కొత్త తెల్లదుప్పటి ఒకటి, పెడన నేత.
3-12-77. తిరిగి వచ్చినవి: ఏమీ లేవు."

గుమ్మంలో నిలబడి, "నాజియా దొరకలేదు" అన్నారు. నేను దుప్పటి ఏదని అడగలేదు. జాడీ ఏదనీ అడగలేదు. నలభై ఎనిమిదేళ్ళుగా అవి లెక్కలో తేలలేదు. ఆ రోజుల్లో గుర్తుపట్టలేనివాళ్ళని కుప్పగా వేసి కిరసనాయిలు పోశారు. నా చెల్లెల్ని ఆయన ఆ కుప్పలో చూశారని, నోట రాక దొరకలేదన్నారని నా నమ్మకం. అడిగితే నిజం చెప్తారేమోనని భయం. ఆ పొడుం మాత్రం ఆయన మానలేదు. దగ్గరికి వస్తే నాకు ఆ కుప్పే కనిపించేది. అందుకే వరండా.

కొండలరావు ఎవరో నాకు తెలియదు. నెలనెలా డబ్బీ వెళ్ళిన సంగతీ తెలియదు. ఆయన చెప్పింది నాకు రాయి. ఏదైనా సరే రాయి.

రోషన్ బీ


గుడివాడ
2 సెప్టెంబరు 2025

దాదీకి సలాం.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

కొండలరావుగారికి డెబ్భై ఏళ్ళు. అరుగు మీద కూర్చుని ఉన్నారు. బందరు బాజీగారి మనవరాలినండీ అన్నాను. "బాజీ బావ మనవరాలివా! అయితే నాకూ మనవరాలివే. అమ్మాయ్ తనూజా, మజ్జిగ తేవే" అన్నారు. చీటీ ఇచ్చాను. కళ్ళు మూసుకుని చాలాసేపు వాసన చూశారు.

"అంతా ఉందమ్మాయ్. చలవ లేదు."

"చలవంటే ఏంటి తాతగారూ?"

"ముక్కులో వేస్తే ముందు తియ్యగా, వెచ్చగా ఉండేది. ఆనక తలుపు తీసినట్టు చల్లగాలి కొట్టేది. అదే మమ్మల్ని నిలబెట్టింది. లేకపోతే ఒక్కడూ గంటసేపు ఆ పని చెయ్యలేకపోయేవాడు."

ఏ పనో ఆయన చెప్పాకే తెలిసింది. ఉప్పెన తర్వాత శవాలు తీసిన కుర్రాళ్ళలో ఈయన ఒకరు, దాదా వాళ్ళకి పెద్ద. దాదా అక్కడికి వెళ్ళారని ఇన్నేళ్ళలో మన ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు.

ఆ తర్వాత కొండలరావుగారు తనూజని లోపలికి పంపేశారు. "బావ నా చేత మాట తీసుకున్నాడు. ఆయన పోయి పదిహేనేళ్ళయింది, నాకూ రోజులు దగ్గరపడ్డాయి. నువ్వు ఆయన రక్తానివి కాబట్టి చెప్తున్నా" అని మొదలుపెట్టారు.

ఐదో రోజో ఆరో రోజో, కాలువ పక్క ముళ్ళకంపలో ఒక ఆడమనిషి దొరికిందట. దాదా చూసి, అక్కడే మోకాళ్ళ మీద కూలబడ్డారట. "ఎవరు బావా?" అంటే, "నేను ముట్టుకోకూడని మనిషి. కానీ ముట్టుకునే ఆడదిక్కు ఇక్కడ లేదు" అన్నారట. కుప్ప దగ్గరికి తీసుకెళ్ళనివ్వలేదు. అందరినీ అటు తిరగమన్నారు. కొండలరావుగారు అటు తిరిగే ఉన్నారు, కానీ కొంచెం చూశానని ఒప్పుకున్నారు. తాగే నీళ్ళ చెంబు తీసుకుని దాదా ముక్కు కడుక్కున్నారట, పొడుం పూర్తిగా పోయేదాకా.

"మేమంతా ముక్కుల్నిండా దట్టించుకున్నాం. ఆయన మాత్రం కడిగేసుకున్నాడు. మళ్ళీ వేసుకో బావా, పడిపోతావంటే, 'ఈమె దగ్గర ముక్కు మూసుకోను కొండలూ' అన్నాడు. తాటిచెట్టు మొదట్లోంచి ఎండుమన్ను గీకి తెచ్చాడు. ఊరంతా బురదమ్మా, గుప్పెడు ఎండుమన్ను కోసం అరమైలు వెళ్ళాడు. చేతికి గుడ్డ చుట్టుకుని ఆ మన్ను మీద ఆనించి ఆవిడ మొహానికీ చేతులకీ అద్దాడు. తెల్లదుప్పట్లో చుట్టాడు. గట్టు మీద గొయ్యి ఆయనొక్కడే తవ్వాడు. ఒక్కడే నిలబడి నమాజు చదివాడు. జాడీలో మిగిలిన పొడుం మాకు పంచి, జాడీని తలవైపు బోర్లించి పాతాడు. అప్పటిదాకా ఆ కంపు పీలుస్తూనే ఉన్నాడు. 'ఈ సంగతి బయట అనకండి, ఆమె పరదా ఆమెకి ఉండాలి' అన్నాడు."

ఆ తర్వాత ఆ వాసన వీళ్ళిద్దరినీ వదల్లేదట. ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేదట, పెళ్ళిభోజనాల్లో కూడా. తీపి పొడుం వేస్తేనే పోయేది. అందుకే నెలనెలా డబ్బీ. దాదా పోయాక కొండలరావుగారికి పదిహేనేళ్ళుగా అది లేదు. "ఒక్క డబ్బీ చేసి పెట్టమ్మా" అన్నారు, చిన్నపిల్లాడిలా.

దాదీ, ఒక్కటి అడుగుతాను. ఎవరామె? ముట్టుకోకూడని మనిషి, ఎవరికీ చెప్పకూడని మనిషి. దాదా మనసులో ఇంకెవరైనా ఉండేవారా? మీకు అది తెలుసా? ఆయన మంచం వరండాలోకి వెళ్ళింది అందుకా? అలాగైతే ఈ సెంటు నేను చెయ్యను. సీసాలన్నీ కాలువలో పారబోస్తాను.

ఆలియా


గుడివాడ
5 సెప్టెంబరు 2025

దాదీ,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకున్నాయి. మీది ఇప్పుడే చదివాను. నేను అడిగిన ఆ చివరి ప్రశ్న చదవకండి. చదివేసి ఉంటే మర్చిపోండి.

కొండలరావుగారికి ఫోను చేసి ఒక్కటే అడిగాను. ఆమె చేతికి ఏమైనా ఉందా అని. "నల్లదారం. వెండి తాయెత్తు. బావ దాన్ని విప్పలేదు" అన్నారు.

జాడీ ఇంకా అక్కడే ఉంది. ఆదివారం నేను చూశాను, గట్టు మట్టిలోంచి అడుగు భాగం కనిపిస్తోంది. దాని మీద తెల్లరంగు అంకె ఉంది. పదకొండు.

ఆలియా


మచిలీపట్నం
11 సెప్టెంబరు 2025

ఆలియాకు,

రెండూ అందాయి. నేను రాసేదాకా సెంటు ఆపు. ఏమీ పారబొయ్యకు. ఎవరికీ చెప్పకు.

దాదీ


మచిలీపట్నం
22 నవంబరు 2025

ఆలియాకు,

డెబ్భై రెండు రోజులు నిన్ను ఆపాను. నీ డిసెంబరు దగ్గరకొచ్చిందని తెలుసు. ఇక ఆపను.

18వ తేదీ పొద్దున్న తొమ్మిదింటి బస్సుకి నాగాయలంక వెళ్ళాను. వెంకాయమ్మ తోడొచ్చింది. నీకు చెప్పలేదు. నువ్వు ఏడుస్తావు, నాకు ఓదార్చడం రాదు. చల్లపల్లి దాటాక వెంకాయమ్మ, "ఇంతకీ ఎవరింటికండీ మనం?" అంది. "మా చెల్లెలి దగ్గరికి" అన్నాను. ముందే చెప్తే చీరైనా తెచ్చేదాన్నని నొచ్చుకుంది.

కొండలరావుగారు కర్ర పట్టుకుని గట్టు దాకా వచ్చారు. చుట్టూ రొయ్యల చెరువులు. ఆ ముక్క మాత్రం తవ్వనివ్వలేదట, అందుకు చెరువు యజమానితో రెండేళ్ళు మాటల్లేవట. జాడీ మీద మట్టి కొంగుతో తుడిచాను. పదకొండులో రెండో ఒకటి కాలు వంకరగా ఉంది. అది నా చేతిరాతే. రంగు వేస్తుంటే నాజియా మోచెయ్యి తగిలింది, తిట్టాను. అది నాకు అక్కడ నిలబడ్డాకే గుర్తొచ్చింది. దాని కోసం ఫాతిహా చదివాను. వెంకాయమ్మ చెప్పులు విప్పి, దూరంగా నిలబడింది.

నీ ప్రశ్నకి జవాబు. వెంకాయమ్మ వాళ్ళ ఇళ్ళలో బావా మరదళ్ళు ఎదురుపడితే సరసాలాడతారు. మన ఇళ్ళలో అక్క మొగుడు పరాయి మగాడే. నాజియా ఏనాడూ కొంగు కప్పుకోకుండా మీ దాదా ఎదుటికి రాలేదు, ఆయన ఏనాడూ తలెత్తి దాని ముఖం చూడలేదు. నేను కట్టిన తాయెత్తు చూసే గుర్తుపట్టి ఉంటారు. శవస్నానం చేయించే ఆడవాళ్ళు లేనప్పుడు మగవాడు చేతికి గుడ్డ చుట్టుకుని ఎండుమన్నుతో తుడవవచ్చని మనకి ఉంది. అంటే ఆయన చేసింది తప్పు కాదు. కానీ నాతో చెబితే నా చెల్లెల్ని తాను ఏ స్థితిలో చూశారో నాకు తెలిసిపోతుంది, దాని పరదా పోతుంది అనుకున్నారు. దాని మర్యాద కాపాడాలని నోరు మూసుకున్నారు. నేను నిజానికి భయపడి నోరు మూసుకున్నాను. మధ్యలో వరండా గోడ.

నమాజుకి ముందు ముక్కు కడుక్కోవడం నియమంలో ఉంది. మళ్ళీ పొడుం వెయ్యకపోవడం ఏ నియమంలోనూ లేదు. అది ఆయనది.

మర్నాడు తిరిగి వద్దామని వెళ్ళాం. కొండలరావుగారి కోడలు, "ఇంకొక్క రోజు ఉండండి పిన్నిగారూ" అంది. అప్పటికే సంచీ సర్దేశాను. సర్దిన సంచీ విప్పి, ఒక రోజు ఎక్కువ ఉన్నాను. చెయ్యడానికి పనేమీ లేదు. గట్టు మీద కూర్చున్నాను.

పుస్తకంలో ఈ ఉదయం రాసింది: "దుప్పటి 1, జాడీ 1. చేరవలసిన చోటే ఉన్నవి."

పాళ్ళు పుస్తకంలో లేవని జూలైలో నీకు రాశాను. అది అబద్ధం, అదే పేజీలో ఉన్నాయి. అన్నీ వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. నీకు దొరకని చల్లటిది కర్పూరం, సేరుకి అర తులం. శవానికి చుట్టే కఫన్ గుడ్డతో పాటు మన పెట్టెలో దాచి ఉంచేదే. ఆయన అడిగితే నేనే తీసి, తూచి ఇచ్చాను.

నీ డిసెంబరు సెంటు కర్పూరం లేకుండా చెయ్యి. దాని పేరు, దాని తీపి నీ ఇష్టం. అది నీ ఒడి వాసన, నువ్వు కొనుక్కునేవాళ్ళకి ఇవ్వవచ్చు. కర్పూరం వేసింది అమ్మకానికి పెట్టకు. కొండలరావుగారికి నెలకొక డబ్బీ పొడుం నేను చేస్తాను, చెయ్యి ఇంకా వణకడం లేదు. నం. 4 చీటీకి ఎనభై ఒకటి వేస్తున్నాను. కొండలరావుగారు చూపించారు.

ఇంకొకటి. నేను తిరిగొచ్చి రెండు రోజులైంది. నాలుగింటికి వాసన రావడం లేదు. నిన్న ఐదు దాకా కూర్చున్నాను. ఇవాళ పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించేదాకా చూశాను. రాలేదు. నీళ్ళ తొట్టి మీది డబ్బా తెచ్చి, మైనం గీకి, మూత తీశాను. నీ చీటీల్లో ఆయన సగమే ఉన్నారు.

అర తులం లెక్కన కర్పూరం వేసి ఒక్క చీటీ పంపు. త్వరగా పంపు. మంచం నవారు బిగించలేదు. వరండా తలుపు గడియ తీసే ఉంచాను.

రోషన్ బీ